అడవి పక్కన, చెరువు ఎదుట మా ఇల్లు: గీసిచ్చిన ఆర్కిటెక్ట్ పని ఎట్లా ఉంది

ములుగు జిల్లా వెంకటాపూర్ మండలంలో మా మామగారి ఆస్తిలో మా వాటాకు ఎకరం పది గుంటలు వచ్చింది. తూర్పున ఊరి చెరువు, పడమర అడవి. నేను ముప్పై ఒక్క ఏళ్లు ప్రభుత్వ బడుల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. వచ్చిన డబ్బులో పెద్ద భాగం ఆ జాగాలో ఇంటికే పెట్టాం. పోయిన వైశాఖంలో గృహప్రవేశం చేశాం. ఆ తర్వాత రోహిణి కార్తె చూశాం, వానాకాలం చూశాం, అక్టోబరు చివర్లో మొంథా తుపాను చూశాం, ఇప్పుడు చలి చూస్తున్నాం. ఇల్లు ఎట్లా ఉందో, దాన్ని గీసిచ్చిన ఆర్కిటెక్ట్ పని ఎట్లా ఉందో ఇప్పుడైతే నమ్మకంగా చెప్పగలను. లక్నవరం వైపు, పాకాల వైపు, రామప్ప వైపు జాగాలున్న వాళ్లు, కొనాలనుకునే వాళ్లు చాలామంది నన్ను అడుగుతున్నారు. వాళ్ల కోసమే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు మా ఆశ ఏమిటో చెప్పాలి. మా తమ్ముడు కెనడాలో ఒంటారియోలో ఉంటాడు. అక్కడ ఉత్తరాన అడవుల్లో, రాతి గుట్టల మధ్య సరస్సులుంటాయి. వాటి ఒడ్డున కొత్త తరహా ఇళ్లు కడతారు. నేల నుంచి పైకప్పు దాకా అద్దాలు, నల్లటి ఇనుప చట్రాలు, దేవదారు చెక్క గోడలు, నీళ్ల మీదికి పోయే చెక్క వేదిక. సెలవులకు అట్లాంటి ఇంట్లో వాళ్లు వారం రోజులు ఉండి ఫొటోలు పంపారు. మా ఆయన ఆ ఫొటోలు ప్రింటు తీయించి ఫైలులో పెట్టుకున్నారు. సిటీలో ఒక డిజైన్ ఆఫీసుకు వెళ్లి ఆ ఫైలు చూపిస్తే, వారం తిరక్కుండానే రంగురంగుల బొమ్మలు చేసిచ్చారు. నీళ్లకు ఇరవై అడుగుల దూరంలో అద్దాల ఇల్లు, ముందు చెక్క వేదిక, దాని చివర రెండు కుర్చీలు. ఆ బొమ్మ చూసి మాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ ఆఫీసు వాళ్లలో ఒక్కరు కూడా మా జాగాకు రాలేదన్న సంగతి అప్పుడు మాకు తట్టలేదు.

తర్వాత ఒక బంధువు ద్వారా ఈ ఆర్కిటెక్ట్ అమ్మాయి దగ్గరికి వెళ్లాం. హనుమకొండలో ముగ్గురు పనిచేసే చిన్న ఆఫీసు ఆమెది. 2024 ఫిబ్రవరిలో మేడారం జాతర అయిపోయి రోడ్లు ఖాళీ అయ్యాక మొదటిసారి మా జాగాకు వచ్చింది. ఫైలు ఇచ్చాం. అంతా తిరగేసి, బాగుందని చెప్పి, పక్కన పెట్టి ఒకటే ప్రశ్న అడిగింది. "మేడం, పోయినేడు జూలైలో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి?"

మాకు తెలియదు. అప్పుడు మేము హనుమకొండలో ఉన్నాం. 2023 జూలై 27 పొద్దున మా మండలంలోని లక్ష్మీదేవిపేటలో ఇరవై నాలుగు గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైంది. తెలంగాణలో అప్పటిదాకా ఒక్కరోజులో అంత వాన ఎక్కడా నమోదు కాలేదు. అంతకుముందు రికార్డు 2013లో వాజేడులో కురిసిన 517.5 మిల్లీమీటర్లు. అదే వానకు పక్క జిల్లాలో మోరంచపల్లి మునిగింది, ఏటూరునాగారం దగ్గర కొండాయిలో మనుషులు పోయారు. ఈ సంగతులన్నీ పేపర్లో చదివినవాళ్లమే. కానీ మా చెరువులో ఆ రోజు నీళ్లు ఎక్కడ ఆగాయో అడగాలని మాకు తోచలేదు.

ఆమె నేరుగా కట్ట మీదికి నడిచి, అక్కడ వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దమనిషిని అడిగింది. ఆయన లేచి మా జాగాలోకే వచ్చి చింతచెట్టు చూపించాడు. "గీ చెట్టు మొదలుదాక అచ్చినయి బిడ్డా నీళ్లు. మత్తడి నాలుగొద్దులు దుంకింది." మత్తడి అంటే చెరువు నిండాక నీళ్లు పొర్లిపోయే అలుగు. చెట్టు బెరడు సందుల్లో ఎండిన నాచు పోగులు ఇంకా చిక్కుకుని ఉన్నాయి. ఆమె కింద కూర్చుని వాటిని వేలితో తీసి మాకు చూపించింది. ఆ చెట్టు నుంచి నీళ్లకు ఆ రోజు యాభై అడుగులు పైనే ఉంది. సిటీ వాళ్ల బొమ్మలో మా పడకగది సరిగ్గా ఆ చెట్టుకు, చెరువుకు మధ్య ఉంది.

రెండోసారి వచ్చినప్పుడు సర్వేయరును, ఎత్తుపల్లాలు కొలిచే ఆటో లెవెల్‌ను తెచ్చింది. మత్తడి అంచును సున్నా అనుకుని జాగా అంతా కొలిచారు. చింతచెట్టు మీద పెద్దమనిషి చూపిన గుర్తు నాలుగు అడుగుల పది అంగుళాల ఎత్తున తేలింది. మా ఇంటి నేల మత్తడి మీద కనీసం తొమ్మిది అడుగుల ఎత్తున ఉండాలని ఆమె కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చింది. ఆ ఒక్క అంకె తర్వాత ఏ బొమ్మలోనూ మారలేదు. లెక్కల టీచరుగా చెబుతున్నాను, ఇల్లు మొదలు పెట్టాల్సింది ఇట్లాంటి అంకెతోనే.

చట్టం సంగతి కూడా ఆమే చెప్పింది. చెరువు నిండా నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు ఎఫ్‌టీఎల్. ఆ హద్దు లోపల ఇల్లు కట్టకూడదు. పది హెక్టార్లు, అంతకంటే పెద్ద చెరువైతే ఆ హద్దు నుంచి ముప్పై మీటర్లు, చిన్న కుంటైతే తొమ్మిది మీటర్లు వదలాలి. 2012 నాటి జీవో 168లో ఉంది ఇది. మాది పెద్ద చెరువు. మా ఎకరం పది గుంటల్లో పన్నెండు గుంటలు శిఖంలోకి, అంటే చెరువు నీళ్లు నిలిచే నేలలోకి పోయాయి. పట్టా మా పేరు మీదే ఉంది, నీళ్లు తగ్గినప్పుడు పంట వేసుకోవచ్చు, కానీ కట్టడానికి పనికిరాదు. ముప్పై మీటర్లు వదిలాక మిగిలింది మా ఆయనకు నచ్చలేదు. సిటీ వాళ్ల బొమ్మ గురించి రెండు వారాలు బాధపడ్డారు. తొందరగా చెరువు పక్కన జాగా కొనేస్తున్న వాళ్లకు ఒక మాట. బయానా ఇచ్చే ముందు ఇరిగేషన్ వాళ్ల హద్దు రాళ్లు ఎక్కడున్నాయో చూడండి. దళారి చూపించేది ఏప్రిల్ నెల చెరువు. నాలా మార్పిడి (సాగు భూమిని ఇంటి జాగాగా మార్పించుకోవడం), పంచాయతీ అనుమతి లాంటివి తిరిగితే అవుతాయి. నీళ్ల హద్దు మాత్రం ఎంత తిరిగినా జరగదు.

ఇక అద్దాల ఇల్లు. ఇక్కడే ఆమె మీద నాకు గౌరవం పెరిగింది, ఎందుకంటే మా ఆశను కొట్టిపారేయలేదు. మా తమ్ముడితో వీడియోలో అరగంట మాట్లాడింది. అక్కడ ఎందుకు అట్లా కడతారో అతనితోనే చెప్పించింది. అక్కడ చలికాలం ఆరు నెలలు. వచ్చే కొంచెం ఎండను లోపలికి లాగడానికి దక్షిణం వైపు పెద్ద అద్దాలు పెడతారు, వేడి బయటికి పోకుండా రెండు మూడు పొరల అద్దం వాడతారు. భూమిలో తేమ గడ్డకట్టి పునాదిని పైకి తోస్తుంది కాబట్టి నాలుగు అడుగుల లోతు దాటి పునాది దించుతారు. నీళ్ల మీది వేదికను కూడా సరస్సులోని మంచు నెట్టేస్తుందని, కొన్ని చోట్ల చలికాలం రాకముందే దాన్ని తీసి ఒడ్డున పెట్టుకుంటారట. మంచు బరువు మోయడానికి పైకప్పు గట్టిగా ఉండాలి. అతను చెప్పడం అయ్యాక ఆమె మా ఆయనతో అన్నది: "సార్, వాళ్ల ఇంట్లో ప్రతి వస్తువూ చలితో కొట్లాడుతుంది. మన ఇల్లు కొట్లాడాల్సింది ఎండతో, వానతో, కోతులతో."

కోతులు అన్నప్పుడు మేము నవ్వలేదు. వరంగల్ చుట్టుపక్కల ఉన్నవాళ్లకు ఆ బాధ తెలుసు.

మా అదృష్టం, చెరువు తూర్పున ఉంది. వాస్తు చూసే మా అత్తగారు సంతోషించారు, ఆర్కిటెక్ట్ కూడా సంతోషించింది. ఆమె కారణం వేరు. చెరువు పడమరన ఉంటే నీళ్లను చూడాలంటే సాయంత్రం ఎండను మొహం మీద వేసుకోవాలి. తూర్పున ఉంటే పొద్దున ఎనిమిదిన్నర దాటితే చాలు, ఆ తర్వాత రోజంతా నీడలో కూర్చుని చూడొచ్చు. అందుకే హాలు, రెండు పడకగదులు, వరండా అన్నీ చెరువు వైపు పెట్టింది. స్టోరు గది, బాత్రూములు పడమరకు వరుసగా నిలబెట్టింది. మధ్యాహ్నం ఎండ ముందు వాటి గోడకు తగులుతుంది, ఆ గదులు వేడెక్కుతాయి, మేము ఉండే గదులదాకా వేడి రావడానికి రాత్రి అవుతుంది. అప్పటికి కిటికీలన్నీ తెరిచి ఉంటాయి. రోహిణి కార్తెలో పడమటి స్టోరు గది గోడ మీద చెయ్యి పెడితే కాలింది. అదే సమయంలో హాల్లో గోడ చల్లగానే ఉంది. కూలర్ ఒక్కటి సరిపోయింది.

అద్దం పూర్తిగా వద్దనలేదు. హాలుకు తూర్పున పన్నెండు అడుగుల వెడల్పు అద్దం ఉంది. కానీ దాని ముందు ఎనిమిది అడుగుల లోతు వరండా. పొద్దుటి ఎండ వంగి వస్తుంది కాబట్టి వరండా అంచున చెక్క చువ్వల తలుపులు, పక్కకు జరుపుకునేవి. ఒక్క పెద్ద పలకగా కాకుండా అద్దాన్ని రెండడుగుల నిలువు ముక్కలుగా విడగొట్టింది. ఎందుకని అడిగితే, చెరువు మీద తిరిగే పక్షులు పెద్ద అద్దంలో ఆకాశం కనబడి నేరుగా వచ్చి కొట్టుకుంటాయని, మధ్యలో చట్రాలుంటే అది కొంత తగ్గొచ్చని చెప్పింది. ఈ ఎనిమిది నెలల్లో ఒకటే పిట్ట తగిలింది, అదీ వంటగది కిటికీకి. కాసేపు కింద కూర్చుని ఎగిరిపోయింది.

మా జాగాలో ఒక బండ ఉంది. ఏనుగు పడుకున్నంత. మేస్త్రీ మొదటి రోజే దాన్ని పేల్చి పునాదికి వాడదామన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. ఇంటి ఉత్తరం చివర ఆ బండ దగ్గరికి తెచ్చి ఆపింది, వరండా గచ్చు దాని అంచు పట్టుకుని వంకరగా సాగుతుంది. తాండూరు రాయిని బండ వంపుకు తగ్గట్టు కోయడానికి ఇద్దరు మనుషులకు మూడు రోజులు పట్టింది. ముందు ఒక అట్టముక్కను బండకు ఆనించి పెన్సిలుతో గీసుకునేవాళ్లు, ఆ అట్టను రాయి మీద పెట్టి మిషనుతో కోసేవాళ్లు, పెట్టి చూసేవాళ్లు, కొంచెం సందు కనబడితే తీసి మళ్లీ అరగదీసేవాళ్లు. మూడో రోజు సాయంత్రం అందులో చిన్నవాడు చివరి ముక్క పెట్టి, సందులో ఐదు రూపాయల బిళ్ల దూర్చి చూశాడు. దూరలేదు. వాడు ఆ బిళ్లను నాకిచ్చి "చూడు టీచరమ్మా" అన్నాడు. ఇప్పుడు మా ఇంటికి వచ్చిన ప్రతివాళ్లూ కూర్చునేది ఆ బండ మీదే. మా ఆయన మొదట్లో బండను హాలు లోపలికి తీసుకుందామని పట్టుబట్టారు, ఫొటోల్లో అట్లా ఉందని. ఎండకు కాలిన బండ రాత్రంతా వేడి వదులుతూనే ఉంటుందని, చలిదేశంలో అది వరమైతే మనకు పొయ్యి అని ఆమె నచ్చజెప్పింది. మే నెలలో రాత్రి పదకొండు గంటలకు ఆ బండ మీద చెయ్యి పెట్టి చూశాను. ఇంకా వెచ్చగానే ఉంది. అది బయటే ఉన్నందుకు సంతోషించాను.

పైకప్పు దగ్గర పెద్ద చర్చ నడిచింది. నాకు మంగళూరు పెంకు కావాలి, మా ఊరి ఇంటి గుర్తు. ఉత్త పెంకు వేస్తే కోతులు నెలలో ఊడదీస్తాయని ఆమె అన్నది. ఏటవాలుగా స్లాబు పోయించి, దాని మీద సిమెంటుతో పెంకు అతికించింది. ఖర్చు పెరిగింది, కానీ కోతులు ఇప్పటికి చాలాసార్లు వచ్చి ఒక్క పెంకు కూడా లాగలేక వెళ్లిపోయాయి. చూరుకు గొట్టాలు పెట్టలేదు. అడవి పక్కన ఆకులు పడి గొట్టాలు పూడుకుపోతాయి, ఎక్కి తీసే ఓపిక మాకు ఇంకా పదేళ్ల తర్వాత ఉండదు. చూరు నీళ్లు పడేచోట ఇంటి చుట్టూ రెండడుగుల కాలువ తీసి కంకర నింపింది. వాన పడితే ఆ కంకర మీద పడే చప్పుడు నాకు చాలా ఇష్టం. నీళ్లు అక్కడి నుంచి వాలు పట్టుకుని చెరువు వైపు ఇంకిపోతాయి.

పునాది తవ్వడానికి ముహూర్తం పెట్టుకున్న రోజుల్లోనే, 2024 ఆగస్టు 31న, తాడ్వాయి అడవిలో ఈదురుగాలికి వేల చెట్లు ఒక్కసారిగా కూలాయి. యాభై వేలకు పైనే అని అధికారులు చెప్పారు. మా జాగా అక్కడికి దూరమే అయినా ఆమె మర్నాడే ఫోన్ చేసి, ఇంటి పడమర హద్దులో ఉన్న రెండు పెద్ద చెట్లు ఎటు వంగి ఉన్నాయో ఫొటో తీసి పంపమన్నది. చూసి ఇంటిని ఇంకో పదకొండు అడుగులు ముందుకు జరిపింది. బొమ్మలన్నీ మళ్లీ గీయాలి. దానికి అదనంగా డబ్బు అడగలేదు.

అదే ఏడు డిసెంబరు 4. పొద్దున ఏడున్నరకు కొన్ని నిమిషాల ముందు ములుగు కేంద్రంగా భూకంపం, తీవ్రత 5.3. అప్పటికి మా గోడలు లింటెల్ దాకా, అంటే తలుపుల పైన వేసే బీము దాకా లేచాయి. ఈ సంగతి చెప్పాలంటే రెండు నెలలు వెనక్కి వెళ్లాలి. స్తంభాల్లో నిలువు చువ్వల చుట్టూ వేసే ఇనుప రింగులు కట్టేటప్పుడు ఆమె వచ్చి ఒక రింగు చేతిలోకి తీసుకుని చూసింది. దాని కొసలు తొంభై డిగ్రీలకు వంచి ఉన్నాయి, మా దగ్గర అందరూ కట్టేది అట్లాగే. ఆమె కొసలను లోపలికి, నూట ముప్పై ఐదు డిగ్రీలకు వంచమన్నది. నేల కదిలినప్పుడు పైపొర కాంక్రీటు రాలిపోతే తొంభై డిగ్రీల కొక్కెం విప్పుకుంటుంది, లోపలికి వంగినది కాంక్రీటు గుండెను పట్టుకుని ఉంటుంది, గోదావరి లోయ భూకంపాల లెక్కలో మూడో జోను, అంటే ఓ మోస్తరు ప్రమాదం ఉన్న చోటు అని చెప్పింది. మేస్త్రీకి కోపం వచ్చింది. "గింత చిన్న ఇంటికి గిదంతా దేనికి మేడం, నేను ముప్పై ఏండ్లసంది కడ్తున్న" అన్నాడు. ఆమె గొంతు పెంచలేదు. అక్కడే ఇనుప బల్ల దగ్గర నిలబడి ఒక రింగు తానే వంచింది. ఎనిమిది మిల్లీమీటర్ల చువ్వ, ఆమె చేతుల నరాలు తేలాయి. వంచి మేస్త్రీ చేతికి ఇచ్చింది. ఆ రోజు కట్టిన నూట నలభై రింగులూ విప్పి మళ్లీ వంచారు. గోడల మీద చుట్టూ తెగకుండా లింటెల్ బీము కూడా వేయించింది.

భూకంపం వచ్చిన రోజు మధ్యాహ్నం మేము జాగాకు వెళ్లేసరికి మేస్త్రీ గోడల చుట్టూ తిరుగుతున్నాడు. ఒక్క పగులు కూడా లేదు. నిజం చెప్పాలంటే ఆ తీవ్రతకు చాలా ఇళ్లు బాగానే నిలబడ్డాయి, కాబట్టి అది రింగుల గొప్పతనమే అని నేను అనను. కానీ ఆ తర్వాత మేస్త్రీ ఆమె చెప్పిన ఏ పనికీ అడ్డు చెప్పలేదు. ఆ చలికాలం పక్క ఊళ్లో కడుతున్న ఇంట్లో కూడా అతను రింగులు అట్లాగే వంచుతున్నాడని విన్నాను.

రామప్ప మాకు దగ్గర. ఒకరోజు సైటు పని అయ్యాక అందరం వెళ్లాం. ఎన్నిసార్లో చూసిన గుడి, పిల్లలను ఎక్స్‌కర్షన్ తీసుకెళ్లిన గుడి. ఆమెతో వెళ్తే కొత్తగా కనబడింది. ఇసుక నింపిన పునాది, దాని మీద బరువైన రాయి, పైన శిఖరానికి వచ్చేసరికి నీళ్లలో తేలేంత తేలిక ఇటుక. 1213లో కట్టినవాళ్లకు పైకి పోయేకొద్దీ బరువు తగ్గించాలని తెలుసు. చెరువు తవ్వించినవాళ్లే గుడి కట్టారు, అయినా గుడిని నీళ్ల అంచున పెట్టలేదు, కిలోమీటరు దూరంలో పెట్టారు. అది చూశాక మా ఆయన సిటీ వాళ్ల బొమ్మ ఊసు మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు కష్టం కలిగిన సంగతులు.

మొదటిది కిటికీలు. అల్యూమినియం కిటికీలు, అద్దాలు సిటీలోని ఒక షాపుకు ఇచ్చాం, రేటు తక్కువని. ఆ నిర్ణయం మాది, ఆర్కిటెక్ట్ వేరే పేరు చెప్పినా వినలేదు. జూలై వానలకు దక్షిణం మూల పడకగదిలోకి నీళ్లు వచ్చాయి. రాత్రి రెండు గంటలకు లేచి బకెట్లు పెట్టాం, పరుపు తడిసింది. కిటికీ కింది పట్టాలో నీళ్లు బయటికి పోవడానికి చిన్న రంధ్రాలుండాలి. వాళ్లు వాటిని లోపలి వైపు వేశారు. షాపు వాడు ఫోన్ ఎత్తడం మానేశాడు. ఆర్కిటెక్ట్ రెండుసార్లు వచ్చి, మా ముందే నీళ్లు పోసి చూసి, వేరే పనివాడితో బయట రంధ్రాలు వేయించింది. కిటికీ పైన సన్‌షేడ్ అడుగున వేలెడు గాడి కూడా తీయించింది. ఆ గాడి దగ్గర నీటి చుక్క ఆగి కింద పడుతుంది, గోడదాకా పాకదు. ఆ గాడి మొదటే ఎందుకు లేదు అని అడిగాను. బొమ్మలో ఉంది, ఆ మూల ఒక్కటి తాను చూసుకోలేదు, తప్పు తనదే అన్నది. మొంథా తుపాను వచ్చినప్పుడు హనుమకొండలో మా పాత కాలనీలో మోకాళ్ల లోతు నీళ్లు. ఇక్కడ మా దక్షిణం గదిలో ఒక్క చుక్క లేదు. చెరువు మత్తడి దుంకింది, నీళ్లు చింతచెట్టుకు చాలా ఇవతలే ఆగాయి.

రెండోది ఆలస్యం. బొమ్మలు ఏప్రిల్ చివరికి ఇస్తానని జూన్ మొదటి వారానికి ఇచ్చింది. ఆఫీసులో మనుషులు తక్కువ, పని తనే చేసుకోవాలని చూస్తుంది. వంటగది వివరాల బొమ్మ మేస్త్రీ చేతికి వచ్చేసరికి అక్కడ గోడ సగం లేచింది. ఇద్దరు మనుషుల కూలీ నష్టపోయాం. ఈ విషయంలో ఆమె మారాలి, ఆమెకే చెప్పాను.

మూడోది ఖర్చు. నలభై ఎనిమిది లక్షలు అనుకున్నది యాభై ఎనిమిది దాటింది. కొంత మా కోరికల వల్ల, కొంత పెంకు స్లాబు వల్ల, కొంత ఆ రోడ్డు వల్ల. ప్రతి లారీ మెయిన్ రోడ్డు దగ్గర ఆగి, చిన్న ట్రాలీకి సామాను మార్చుకుని లోపలికి రావాలి. అడవి పక్కన కట్టేవాళ్లు మోత కూలి వేరే లెక్క వేసుకోవాలి. అది ఆమె అంచనాలో చాలా తక్కువగా రాసింది. ఫీజు మొత్తం రెండు లక్షల ఎనభై వేలు, ఐదు వాయిదాల్లో. పన్నెండుసార్లు సైటుకు వస్తానని ఒప్పందంలో ఉంది, పంతొమ్మిదిసార్లు వచ్చింది. ఇటుకలు చెల్పూరు థర్మల్ ప్లాంటు వైపు నుంచి తెప్పించిన ఫ్లై యాష్ ఇటుకలు, దూరం తక్కువ కాబట్టి అక్కడ కొంత మిగిలింది.

సోలార్ గురించి రెండు మాటలు. పైన మూడు కిలోవాట్ల పలకలు పెట్టాం, కేంద్రం సబ్సిడీ 78,000 వస్తుంది. బ్యాటరీ లేకుండా పెడితే కరెంటు పోయినప్పుడు సోలార్ కూడా ఆగిపోతుందని చాలామందికి తెలియదు, లైను మీద పనిచేసేవాళ్ల ప్రాణం కోసం అట్లా చేస్తారు. ఇక్కడ గాలివాన వస్తే కరెంటు పోతుంది కాబట్టి చిన్న బ్యాటరీ తప్పదు. ఆమె ముందే చెప్పింది, మేమే తర్వాత చూద్దామన్నాం, ఆగస్టులో పెట్టుకున్నాం.

మురుగు నీళ్ల ఏర్పాటు గురించి మాత్రం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే చెరువు పక్కన కట్టేవాళ్లు అందరికంటే తక్కువ పట్టించుకునేది దీన్నే. ఊళ్లో వాళ్లు ఆ చెరువులో చేపలు పడతారు, ఆ నీళ్లతో వరి పండిస్తారు. మా సెప్టిక్ ట్యాంకు ఇంటికి పడమర వైపు, చెరువుకు ఎంత దూరం వీలైతే అంత దూరంలో ఉంది. మూడు అరలు. అక్కడి నుంచి వచ్చే నీళ్లు కంకర నింపిన తొట్టిలోకి పోతాయి, దాంట్లో మెట్ట తామర వేశాం. ఎర్రటి పూలు, పసుపు పూలు. వేర్లు, వాటి చుట్టూ పెరిగే సూక్ష్మజీవులు మురికిని తింటాయి. చివర వచ్చే నీళ్లు మామిడి మొక్కలకు. అడుగున ప్లాస్టిక్ షీటు పరిచేటప్పుడు ఆమె చెప్పులు విప్పి తొట్టిలోకి దిగి, ఎక్కడైనా రాయి గుచ్చుకుంటుందేమోనని అరికాలితో అంతా తొక్కి చూసింది. రెండు చోట్ల ఆగి షీటు లేపించి, కింద రాయి తీయించింది. సిటీ వాళ్ల బొమ్మలో సెప్టిక్ ట్యాంకు ఎక్కడ ఉందని ఆ తర్వాత నేను వెతికాను. అందులో లేనే లేదు.

ఒక్క లోటు నాకు ఇంకా బాధగానే ఉంది. ఇంటి మీద డాబా లేదు. వంటగది మీద చిన్న ముక్క తప్ప పైకప్పు అంతా ఏటవాలు. మిరపకాయలు, వడియాలు ఎండబెట్టుకునే చోటు లేదు, ఎండాకాలం రాత్రి మంచాలు వేసుకుని పడుకునే చోటు లేదు. బొమ్మలు చూసినప్పుడు ఇది నాకు తట్టలేదు, ఆమె అడగలేదు. హనుమకొండలో ఇంటి డాబా మీద ముప్పై ఏళ్లు పడుకున్న మనుషులం. వరండాలో గాలి బాగానే ఉంటుంది, దోమతెర కట్టుకుని అక్కడే పడుకుంటున్నాం. కానీ నక్షత్రాలు కనబడవు. ఇక్కడి ఆకాశంలో హనుమకొండలో కనబడని చుక్కలు ఎన్నో ఉన్నాయి. ఆమెకు చెబితే చాలాసేపు మాట్లాడలేదు. పోయిన నెల వచ్చి, వంటగది మీద ఉన్న చిన్న సమతలం స్లాబును మళ్లీ కొలిచింది. పదకొండు అడుగులు, పద్నాలుగు అడుగులు. రెండు మంచాలు, ఒక చాట పడతాయి. చుట్టూ పిట్టగోడ, బండ పక్క నుంచి ఇనుప మెట్లు. బొమ్మ గీసి పంపింది, దీనికి ఫీజు వద్దన్నది. ఉగాది దాటగానే పని మొదలు, ఎండలు ముదిరేలోగా అయిపోవాలని మేస్త్రీకి ఇప్పుడే చెప్పి పెట్టాం.